పక్కింటి సంతకం

సౌదీలోని హుఫూఫ్ పాత పేటలో మా కఫీల్ ఇంటి డాబా ఎక్కాలంటే ముందు మెట్ల దగ్గర నిలబడి "తరీఖ్" అని అరవాలి. దారి ఇవ్వండి అని దాని అర్థం. పైన ఆడవాళ్లెవరైనా ఉంటే తల కప్పుకుంటారు, లేదా పక్కకు తప్పుకుంటారు. కఫీల్ అంటే నన్ను వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, ఆయన నాకు నేర్పిన మొదటి అరబ్బీ మాట అదే. సుత్తిని, మేకును ఏమంటారో ఆ తర్వాతే తెలిసింది.

నాది జగిత్యాల దగ్గరి ఊరు, వడ్రంగి పని. పదకొండేళ్లుగా ఈయన దగ్గరే ఉన్నాను. ఆయనకు తలుపులు, కిటికీలు చేసే చిన్న షాపు ఉంది. పాత పేటలో మట్టి గోడల ఇళ్లు, ఖర్జూరపు దూలాల కప్పులు. వాటిలో గడియ విరిగినా, తలుపు కుంగినా నాకే కబురు వస్తుంది. పనిలో నాకు పేరుంది. ధైర్యంలో మాత్రం లేదు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసి, వీధి చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగే రకం నేను. మా ఇంట్లో ఇది అందరికీ నవ్వులాట. ఒకరోజు ఇది నాకు పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

గొడవంతా ఎదురింటి వల్ల మొదలైంది. సందుకు అవతల ఏళ్లుగా ఖాళీగా పడి ఉన్న ఇంటిని ఎవరో బాగుచేసి కాఫీ హోటల్ పెట్టారు. పాత పేట చూడవచ్చినవాళ్లు దాని డాబా మీద కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. అక్కడి నుంచి చూస్తే మా కఫీల్ డాబా మొత్తం కనబడుతుంది. కఫీల్ భార్యకూ, కాలేజీ చదివే ఇద్దరు కూతుళ్లకూ సాయంత్రాలు గడిచేది ఆ డాబా మీదే. హోటల్ తెరిచిన వారం నుంచి వాళ్లు పైకి పోవడం మానేశారు. బట్టలు కూడా లోపల వరండాలో ఆరేస్తున్నారని, సరిగా ఆరక వాసన వస్తున్నాయని కఫీల్ నాతో రెండుసార్లు అన్నాడు. ఇంట్లో ఆడవాళ్ల గురించి ఆయన నాతో అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

కొత్త కాలనీల్లో అయితే ప్రహరీ మీద ఎత్తుగా రేకులు బిగించేస్తారు. దాన్ని సాతర్ అంటారు, మన భాషలో చాటు. మేమూ అలాగే రేకులు బిగించాం. మూడో రోజుకల్లా తలుపు మీద బలదియా కాగితం అంటించి ఉంది. బలదియా అంటే మున్సిపాలిటీ. పాత పేటలో రేకు పనికిరాదు. ప్లాస్టిక్ పనికిరాదు. సందులోంచి చూస్తే ఇంటి రూపం మారినట్టు కనబడకూడదు. చెక్క జాలీ కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అనుమతి వచ్చేదాకా ఒక్క మేకు కూడా కొట్టకూడదు. బిగించిన చేతులతోనే రేకులన్నీ విప్పాను. విప్పుతున్నంతసేపూ నా పేరు ఎక్కడైనా రాసుకున్నారేమోనని ఒకటే గుబులు. కఫీల్ నవ్వాడు. ఇంటి నంబరు రాసుకుంటారు గానీ వడ్రంగి పేరు ఎవడు రాసుకుంటాడన్నాడు.

దరఖాస్తు ఒక ఇంజనీరింగు ఆఫీసు ద్వారా పోవాలి. అక్కడ ప్లాన్లు గీసేది కడప ఆయన. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఏమేం కావాలో ఆయనే చెప్పాడు. జాలీ కొలతలతో ప్లాను, చెక్క ముక్క నమూనా, డాబా మీద నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు. చివరగా, అవే కాగితాల మీద పక్కింటివాళ్ల సంతకం. ఫోటోల్లో ప్రహరీ ఎత్తు తెలియాలి కాబట్టి టేపు నిలబెట్టి తీయమన్నాడు.

పక్కిల్లు ఒక్కటే. రెండోవైపు సందు మలుపు. ఆ ఇల్లు ఒక టీచరమ్మ పేరు మీద ఉంది. భర్త పోయాక తమ్ముడి కుటుంబంతో కలిసి ఉంటోంది. రెండేళ్ల కిందట ఆమె వీధి తలుపుకు గడియ మార్చింది నేనే. పని చేసినంతసేపూ ఆమె లోపలి తలుపు వెనక నుంచే మాట్లాడింది. గడియ కొంచెం కింద పెట్టమంది, గట్టిగా లాగి చూడమంది. నేను మూడుసార్లు లాగి చూస్తే, చాలులే, విరగ్గొడతావా ఏమిటని నవ్వింది. ఆమె గొంతు నాకు తెలుసు, మనిషి తెలియదు.

ఫోటోలు తీయడానికి ఒక బుధవారం మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక వెళ్లాను. చలికాలం, ఎండ హాయిగా ఉంది. ఇల్లంతా కునుకు తీసే వేళ. మెట్ల దగ్గర నిలబడి "తరీఖ్" అన్నాను. నిద్ర చెడగొట్టడం ఎందుకని చిన్నగానే అన్నాను. లోపలి నుంచి చప్పుడు లేదు. పైకి పోయి, ప్రహరీకి టేపు ఆనించి, అంకెలు స్పష్టంగా పడుతున్నాయా లేదా అన్నదే చూస్తూ నాలుగు ఫోటోలూ తీశాను. నా కళ్లన్నీ టేపు మీదే. నాలుగూ కడప అన్నకు పంపాను. అందులో ఒకదాంట్లో ఇళ్ల అవతల ఖర్జూరపు తోటలు అందంగా పడ్డాయి. నేను పనిచేసే చోటు చూస్తుందని దాన్ని మా ఆవిడకు కూడా పంపాను.

ఆదివారం కడప అన్న ఫైలు ఆన్‌లైన్‌లో ఎక్కించాడు. ఇక్కడ ఏ పని చేసినా సొంతదారు ఫోనుకు కోడ్ వస్తుంది. ఆయన ఆ అంకెలు చెబితేనే పని ముందుకు కదులుతుంది. కఫీల్ కోడ్ చెప్పాడు, ఫైలు పోయింది. ఆ మరుసటి మంగళవారానికి కాక, దాని తర్వాతి మంగళవారం కమిటీ కూర్చుంటుందని చెప్పారు. అంతలోగా పక్కింటి సంతకం పెట్టించుకోవాలి. నేను జాలీకి చెక్క ఎంచుకోవడంలో పడిపోయాను.

మళ్లీ శుక్రవారం వచ్చింది. ఇంటికి ఫోన్ చేశాను. ఆ వారమంతా మక్కలు విరిచే పనిలో ఉండి మా ఆవిడ ఫోటో సరిగా చూడనే లేదట. మాట్లాడుతూ మాట్లాడుతూ చూసింది.

"తోటలు మంచిగున్నయ్ గని, ఆ నీళ్ల ట్యాంక్ పక్కన తలకాయ ఆరవెట్టుకుంటున్నామె ఎవలు? ఎంటికలు ఎంత పొడుగున్నయో."

ఆమె మామూలుగానే అంది. మా ఊళ్లో డాబాల మీద తల ఆరబెట్టుకోవడం, ఈ డాబా మీది నుంచి ఆ డాబా మీదికి కేకలేసి కబుర్లు చెప్పుకోవడం ఎవరికీ వింత కాదు. డాబా ఫోటో అంటే డాబా ఫోటోయే. అందులో మనిషి పడిందంటే ఎవరో చూసుకుని నవ్వుకుంటారు, అంతే. నా తప్పు సరిగ్గా అక్కడే ఉంది. నేను మా ఊరి డాబా మీద నిలబడ్డట్టు నిలబడ్డాను.

ఫోటో పెద్దది చేసి చూశాను. పక్కింటి డాబా మూల, ట్యాంకుకూ గోడకూ మధ్య, ఎండకు వీపు పెట్టి ఒకావిడ కూర్చుని ఉంది. ముఖం సగం ఇటు తిరిగి ఉంది. జుట్టు నడుము దాటి ఉంది. అంతవరకే చూశాను. చప్పున ఫోన్ బోర్లా పెట్టేశాను.

నేనున్న దేశంలో ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. ఒకరింటి ఆడమనిషి తల మీద బట్ట లేకుండా నా ఫోన్‌లో ఉంది. కావాలని తీయలేదంటే నమ్మేదెవరు? ఫోన్ పోలీసు చేతికి పోతే నేనూ దాని వెంటే పోతాను. ఆ తర్వాత ఇంటికి పంపించేస్తారు, మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. ఇంత ఆలోచన ఒక్క క్షణంలో వచ్చింది. ఆ వెంటనే అంతకంటే పెద్దది తట్టింది. ఆ ఫోటో నా ఒక్కడి దగ్గరే కాదు, ఫైల్లోనూ ఉంది. ఆ ఫైలు సంతకం కోసం ఆమె ఇంటికే పోతుంది.

మా ఆవిడతో ఉన్న మాట చెప్పాను. ముందు ఆ ఫోటో తీసెయ్యమన్నాను. తీసేసింది. నేనూ తీసేశాను, తీసేసినవి ఉండే చోటు నుంచి కూడా తీసేశాను, ఇంకోసారి వెళ్లి చూశాను. నా గొంతు విని ఆమెకూ భయం పట్టుకుంది.

"మనింటెనుక తడిక సాటుకు నేను తానం జేస్తుంటె ఎవడన్న ఫోటో దీసిండనుకో. నువ్వేమంటవు?"

"నేను సూసి దియ్యలేదే."

"సూసి దియ్యలేదని వాడు సుత అంటడు. ఆమెకు ఎర్కజెయ్యాలె గద."

చెప్పడం అంత సులువా అని కసురుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ తడిక కళ్ల ముందు నిలిచింది. దాన్ని కట్టింది నేనే. పెళ్లయిన కొత్తలో వెదురు బద్దలు చీల్చి, సందు లేకుండా అల్లి, బయటి నుంచి నాలుగు పక్కలా తిరిగి చూసుకున్నాను. ఆ తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు రెండు బద్దలు సడలితే, బట్టల సంచి కూడా విప్పకుండా ముందు వాటినే బిగించాను. అంత పట్టింపు ఉన్నవాణ్ణి ఇక్కడ ఎలా మరిచానో అర్థం కాలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

శనివారం పొద్దున కడప అన్న గదికి పోయాను. ఆయన దగ్గర ఫోటోల ప్రింట్లు ఉన్నాయి. ఆ మూల మీద బొటనవేలు పెట్టి, విషయం చెప్పాను. చూస్తానంటే వేలు తీయలేదు. నన్ను ఎగాదిగా చూసి, ఆయన చాయ్ పోశాడు.

"ఇన్ని దినాలు నా కండ్లకే ఆనలేదంటే ఇంగెవురికీ ఆనదులే. ఊరికే ఎందుకు గెలుక్కుంటావు?"

కమిటీలో ఫోటోలు ఎలా చూస్తారని అడిగాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. గోడ మీద పెద్దగా బొమ్మ వేసి చూస్తారట, ప్రహరీ మీద ఇటుక ఇటుకా కనబడేంత పెద్దగా. ఆ మాట అంటూండగానే ఆయన ముఖం కూడా మారింది. కమిటీలో ఎనిమిది మంది మగవాళ్లు, గోడంత బొమ్మ, మూలన ఆమె. ప్రింట్లన్నీ కవరులో పెట్టి నా సంచిలో వేసుకున్నాను.

చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. ఫైలు వెనక్కి తీసుకుని, మూల కత్తిరించిన ఫోటో పెట్టి మళ్లీ ఎక్కిస్తాడు. వెనక్కి తీసుకుంటే ఈ మంగళవారం కమిటీ తప్పిపోతుంది, మళ్లీ ఎప్పుడో తెలియదు. దానికీ కోడ్ కావాలి, ఆ కోడ్ కఫీల్ ఫోనుకే వస్తుంది.

"ఫోటో మసగ్గా వచ్చిందని చెప్పు. అంతకు మించి ఒక్క మాట మాట్లాడొద్దు. నీకు ఆడో ఈడో నోరు జారుతాది, నాకు తెలుసు."

ఆదివారం ఉదయం షాపులో కఫీల్ కోసం చూస్తూ ఆ అబద్ధాన్ని అరబ్బీలో పదిసార్లు వల్లించుకున్నాను. ఫోటో బాగా రాలేదు, ఆఫీసువాళ్లు మార్చమన్నారు, కోడ్ వస్తుంది. మూడే ముక్కలు. నా చేతిలో ఉలి ఉంది గానీ ఒక్క గాటు కూడా పెట్టలేదు. ఆయన వచ్చాడు. నా కోసం తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టాడు. మూడు ముక్కలూ చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. నీ ఫోన్ మంచిదే కదా, మసగ్గా ఎందుకు వస్తుందంటూ కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. నా సంచిలోంచి బయటికి కనబడుతున్న ప్రింట్ల కవరు మీద ఆయన చూపు పడింది. ఏదీ, చూద్దాం అని చెయ్యి చాపాడు.

కడప అన్న దీన్ని ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. అబద్ధం నిలబడాలంటే ఆ ఫోటో ఆయన చేతిలో పెట్టాలి. పెడితే, ఆమెను ఇంకో మగవాడికి నా చేత్తో చూపించినట్టే. అప్పటిదాకా పొరపాటు, అప్పుడిక పొరపాటు కాదు. కవరు మీద చెయ్యి పెట్టాను. ఇవ్వలేకపోయాను. ఆయన చెయ్యి అలా చాపే ఉంది.

అప్పుడు చెప్పేశాను. వచ్చిన అరబ్బీ అంతా పెట్టి, రాని చోట హిందీ పెట్టి చెప్పాను. మసక కాదు, బాగానే వచ్చింది, అదే తప్పు అన్నాను. పక్కింటి డాబా మీద ఒకావిడ ఉంది, నేను చూడలేదు, ఫైల్లో పోయింది అన్నాను. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముఖం వీధివైపు తిప్పేసుకున్నాడు.

"నాకు చూపించకు," అన్నాడు. "ఎవరెవరు చూశారు?" అని అడిగాడు.

మా ఆవిడ చూసింది, కడప అన్న చూడలేదు అన్నాను. ఆయన ఫోన్ తీసి కడప అన్నకు చేసి, ఫైలు వెనక్కి తీసుకుని, ఆ ఫోటో తన దగ్గర కూడా తీసెయ్యమన్నాడు. కోడ్ వచ్చింది, చెప్పాడు. నా ప్రింట్ల కవరును విప్పకుండానే నాలుగు ముక్కలుగా చింపి, ఆ ముక్కల్ని మళ్లీ చింపాడు. తర్వాత షాపు తలుపు వేసి, నాతో రమ్మన్నాడు.

ఎక్కడికో చెప్పలేదు. ముందు ఆయన, వెనక నేను. పోలీసు స్టేషన్ కుడివైపు వస్తుంది. ఆ మలుపు దగ్గరికి వచ్చాం. జేబులో ఇకామా, ఇక్కడ ఉండటానికి అనుమతిచ్చే కార్డు, తడుముకున్నాను. గదిలో ఉతికి ఆరేసిన రెండు చొక్కాలు గుర్తొచ్చాయి, వాటిని ఎవరైనా నాకు పంపిస్తారా అనుకున్నాను. భయం మనిషిని ఎంత చిన్న చిన్న విషయాల వెంట తిప్పుతుందో ఆ రోజు చూశాను. ఆయన ఎడమకు తిరిగాడు. పాత పేటలోకి వచ్చి, తన ఇల్లు దాటి, పక్కింటి తలుపు కొట్టాడు.

టీచరమ్మ తమ్ముడు తలుపు తీశాడు. కఫీల్ ఆయన్ని పక్కకు పిలిచి చాలా తక్కువ గొంతుతో మాట్లాడాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. మాటలు ఆగాయి. తల ఎత్తితే ఆ తమ్ముడు నన్నే చూస్తున్నాడు. ఆయన లోపలికి పోయాడు. మామూలుగా అయితే ఇంటి ముందుకు ఎవరొచ్చినా ఖహ్వా, అంటే అరబ్బుల కాఫీ, ఇస్తారు. ఆ రోజు ఇవ్వలేదు.

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. కఫీల్ జపమాల తిప్పుకుంటున్నాడు. తర్వాత లోపలి తలుపు వెనక నుంచి ఆ గొంతు వినబడింది. వీధి తలుపుకు గడియ మార్చినప్పుడు విన్న గొంతే. తమ్ముడితో కాదు, కఫీల్‌తో కాదు, నేరుగా నాతోనే మాట్లాడింది. నాకు అర్థం కావాలని నిదానంగా మాట్లాడింది.

"నువ్వు తరీఖ్ అన్నావు. మీ ఇంటివాళ్లకు అన్నావు, నాకు అనలేదు. డాబా ఎక్కితే చుట్టూ ఇళ్లున్నాయి."

అవునన్నాను.

"నిన్ను ఆ రోజే చూశాను. నువ్వు ఫోన్ దించాక చూశాను. తమ్ముడికి చెబితే అదే పూట నీ పని అయిపోయేది. చెప్పలేదు. కాగితం మీద సంతకానికి ఎటూ మా ఇంటికే రావాలి కదా. ఆ ఫోటోతో వస్తారా, ఆ మాట చెప్పి వస్తారా అని పదకొండు రోజులుగా చూస్తున్నాను. ఫోటోతో వచ్చి ఉంటే సంతకం ఉండేది కాదు. నువ్వూ ఉండేవాడివి కాదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. ఆ పదకొండు రోజుల్లో నేను భయపడింది రెండే రోజులు. ఆమె మాత్రం పదకొండు రోజులూ తన ముఖం ఎవరి చేతుల్లో తిరుగుతోందో తెలియకుండా గడిపింది. నేను అప్పటిదాకా లెక్క వేసుకున్నదంతా నా జైలు, నా వీసా, నా చొక్కాలు. తప్పైందమ్మా అని తెలుగులోనే అనేశాను. అరబ్బీలో అనాలని గుర్తు రాలేదు. ఆమె మళ్లీ చెప్పమనలేదు.

సంతకం పెట్టడానికి ఆమె రెండు షరతులు పెట్టింది. తన ఇంటివైపు ఫోటో తన డాబా నుంచి తానే తీసి పంపుతుంది. జాలీ మామూలుగా నిలువు రంధ్రాలతో కాకుండా, గాలి వస్తూ చూపు మాత్రం కిందికి పోకుండా ఉండాలి. అది సాధ్యమా అని నన్నే అడిగింది. చెక్క పట్టీలను ఏటవాలుగా దించితే సాధ్యమేనన్నాను. ఒకటి చేసి తెచ్చి, ముందు ఆమె డాబా నుంచి ఆమె చూసి సరేనన్నాకే మిగతావి చేస్తానన్నాను. ఆ ముక్క చెప్పినప్పుడు మాత్రం నా గొంతు వణకలేదు.

ఆ మంగళవారం కమిటీ తప్పిపోయింది. తర్వాతది ఏడు వారాలకు వచ్చింది. ఆలోగా నేను చేసి తెచ్చిన నమూనాను టీచరమ్మ తన డాబా నుంచి చూసి సరేనంది, కొత్త కాగితాల మీద సంతకం పెట్టింది. ఆ ఏడు వారాలూ కఫీల్ ఇంట్లో బట్టలు వరండాలోనే ఆరాయి. ఆయన ఒక్క మాట అనలేదు, అందుకే నాకు ఇంకా బాధగా ఉండేది. అనుమతి రాదేమో, చెక్క రంగు నచ్చదేమో, ఎత్తు నాలుగు వేళ్లు ఎక్కువైందంటారేమో అని రోజుకో కారణం వెతుక్కుని భయపడ్డాను. కడప అన్నకు రోజూ ఫోన్ చేసేవాణ్ణి. చివర్లో నా నంబరు చూస్తే ఎత్తడం మానేశాడు. అనుమతి వచ్చిన రోజు ఆయనే చేశాడు. ఏటవాలు పట్టీల ప్లాను బాగుందన్నారని, అది గీసింది తానేనని, మర్చిపోవద్దని అన్నాడు.

కఫీల్ ఆ రోజు నుంచి కొత్త నియమం పెట్టాడు. మెట్ల కింద ఒక ఇత్తడి పళ్లెం పెట్టించాడు. డాబా ఎక్కే ప్రతివాడూ ఫోన్ అందులో పెట్టి ఎక్కాలి. ఏసీ మెకానిక్ వచ్చినా అంతే, ఆయన సొంత మేనల్లుడు వచ్చినా అంతే. ముందు నేను పెట్టాను. తర్వాత ఆయనా పెట్టాడు.

బిగింపు పని ఐదు రోజులు పట్టింది. రోజూ పైకి ఎక్కి, మెట్ల తలుపు బయట నిలబడి, కళ్లు నేల మీద పెట్టి, మూడు వైపులకూ తిరిగి గట్టిగా "తరీఖ్" అనేవాణ్ణి. ఎదురుగా కాఫీ తాగేవాళ్లు నన్ను వింతగా చూసేవాళ్లు. పక్కింటి డాబా మీద తలుపు మూసుకున్న చప్పుడయ్యేదాకా ఆగి, అప్పుడు పని మొదలుపెట్టేవాణ్ణి. ఐదో రోజు ఆఖరి పలక టీచరమ్మ వైపుది. నాలుగు మరలూ బిగించాక అలవాటు కొద్దీ మూడుసార్లు లాగి చూశాను. నాలుగోసారి కూడా లాగాను. కదల్లేదు. వంగి చూశాను, నిలబడి చూశాను, మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పట్టీల మధ్య నుంచి ఆకాశం ముక్కలు తప్ప అవతల ఏమీ కనబడలేదు.

సామాను సర్దుకుంటుంటే కింది నుంచి కఫీల్ గొంతు వినబడింది. ఇంట్లోవాళ్లు పైకి వస్తున్నారు, నువ్వు దిగిరా అన్నాడు. మెట్ల దగ్గర వరండాలోకి తప్పుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాను. నా వెనక నుంచి మూడు జతల కాళ్లు మెట్లెక్కాయి. ఒకరి చేతిలో బట్టల బుట్ట ఉన్నట్టుంది, తడి బట్టల వాసన వచ్చింది. పైన తలుపు తెరుచుకుంది. తర్వాత చాలా నెలల కిందట విన్న నవ్వులు వినబడ్డాయి. పళ్లెంలోంచి ఫోన్ తీసుకుని బయటికి వచ్చాను. ఆ డాబా మీదికి మళ్లీ ఎక్కే పని ఇప్పటిదాకా పడలేదు.

ఆ తర్వాతి శుక్రవారం మా ఆవిడ జాలీ ఫోటో పంపమంది. లేదన్నాను. ఒక్కటి కూడా తియ్యలేదా అంది. ఒక్కటి కూడా తియ్యలేదన్నాను. పట్టీలు ఎంత వెడల్పో, ఎంత వాలుగా దించానో, గాలి ఎటు నుంచి వస్తుందో అన్నీ నోటితో చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది. చివరికి తాను అడగాలనుకున్నది అడిగింది.

"మరి ఆమె ఇప్పుడు ఎండల కూసుంటున్నదా, తలకాయ ఆరవెట్టుకోను?"

"నాకేం ఎర్క," అన్నాను. "ఎర్కగావద్దనే గద నేను ఆ జాలీ గట్టింది."